గేర్‌బాక్స్ పాన్‌లో ఇనుప రజను దొరికింది, పాత కారు అమ్మిన డీలర్ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర 2013 మోడల్ ఆటోమేటిక్ కారు 4.20 లక్షలకు కొన్నాను. మూడు వారాలకే, 700 కిలోమీటర్లు కూడా తిరగకముందే గేరు జారడం మొదలైంది. ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం లాగదు. గుంటూరులో మా మెకానిక్ గేర్‌బాక్స్ కింద పాన్ (ఆయిల్ నిలిచే పళ్లెం) విప్పితే, రజను పట్టడానికి అందులో ఉండే మ్యాగ్నెట్ నిండా ఇనుప రజను, అడుగున మెరిసే రేకులు. డీలర్ ఏమో "ఉన్నది ఉన్నట్టు కొంటానని సంతకం పెట్టారు కదా" అంటున్నాడు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ ముందు మీ మెకానిక్‌కి ఫోన్ చేసి, ఆ పాన్ కడగొద్దు, ఆ ఆయిల్ పారబోయొద్దు అని చెప్పండి. రిపేరు అంతా అయ్యాక బిల్లు ఒక్కటి పట్టుకుని వస్తే ఏం చూపించి వాదించాలి? విప్పిన సామాను అప్పటికే పాత ఇనుము కొట్టుకి వెళ్లిపోయి ఉంటుంది.

మ్యాగ్నెట్ మీద బూడిద రంగులో మెత్తటి ముద్ద లాంటిది మాత్రమే ఉంటే కేసు జోలికి వెళ్లకండి, ఇంత పాత బండిలో అది మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే ముక్కలు, మ్యాగ్నెట్‌కి అంటని ఇత్తడి రంగు రేకులు (లోపల తిరిగే షాఫ్టులకు ఆధారంగా ఉండే బుష్‌లు అరిగితే ఇవి వస్తాయి), మాడు వాసనతో నల్లటి పొడి (ఇది కాలిన క్లచ్ ప్లేట్లది) ఉంటే మాత్రం విషయం వేరు. ఏది మ్యాగ్నెట్‌కి అంటింది, ఏది అంటలేదు అన్నది మెకానిక్ చేత తేదీ, కిలోమీటర్ల రీడింగ్‌తో సహా కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. వీడియో తీయండి, ఆయిల్ శుభ్రమైన సీసాలో పోసి సీలు వేయండి.

అయితే రజను దొరికినంత మాత్రాన గెలిచినట్టు కాదు. గేర్‌బాక్స్ అరిగిందని అది చెబుతుంది, ఎప్పుడు అరిగిందో చెప్పదు. "మీరు నడిపిన తీరు వల్లే పోయింది" అని డీలర్ తప్పకుండా అంటాడు. అందుకే ఆ 700 కిలోమీటర్లు మీకు పెద్ద బలం, అంత తక్కువలో అంత అరుగుదల రావడం కష్టమని మెకానిక్ అఫిడవిట్‌లో చెప్పగలగాలి. ఇంకొకటి అడగండి: ఆయిల్ ఏ రంగులో ఉంది? అది కొత్తగా, ఎర్రగా ఉండి, మ్యాగ్నెట్ మీద మాత్రం పాత రజను పేరుకుని ఉంటే, పాన్ విప్పకుండా కింద బోల్టు తీసి ఆయిల్ మాత్రం మార్చారనే అనుమానం వస్తుంది. అమ్మే ముందు వాళ్లే మార్చారని రుజువైతే, లోపం తెలిసి దాచడం కిందకి వస్తుంది. కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్ దాన్ని మోసం అంటుంది.

ఇక ఆ సంతకం సంగతి. వ్యాపారం చేసే డీలర్ అమ్మే సరుకు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలని 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. కొనేవాడు చూసుకుని కొంటే, ఆ చూపులో దొరకాల్సిన లోపాలకే ఆ రక్షణ పోతుంది. టెస్ట్ డ్రైవ్‌లో పాన్ లోపల ఏముందో ఎవరికి కనిపిస్తుంది? ఒప్పందంలో రాసుకుని ఈ బాధ్యతను తీసేసుకునే వీలు 62వ సెక్షన్‌లో ఉన్న మాట నిజమే, కాబట్టి సంతకం పెట్టిన కాగితంలో మాటలు అక్షరం అక్షరం చదవాలి, నాకు పంపండి. మోసం రుజువైతే మాత్రం ఆ కాగితం అతన్ని కాపాడదు.

గేర్‌బాక్స్ విప్పకముందే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వండి, 15 రోజుల్లో మీ మెకానిక్‌ని పంపి చూసుకోండి అని. రాకపోతే అది కూడా మీకు సాక్ష్యమే. తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు ఉండే గుంటూరులోనే వేయొచ్చు, హైదరాబాద్ చుట్టూ తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు కొన్నారు కాబట్టి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. లోపం పరీక్షతోనే తేలుతుందనుకుంటే శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపమని అదే చట్టం 38(2)(సి) సెక్షన్ కింద కమిషన్‌ను అడగండి, సీసా దాచమన్నది అందుకే. ల్యాబ్ ఫీజు మాత్రం ముందు మీరే కట్టాలి.

రసీదు ఎవరి పేరు మీద ఉందో ఇప్పుడే చూడండి. "నేను మధ్యవర్తిని మాత్రమే, అమ్మింది ఓనరు" అని తప్పుకోవాలని చూస్తే, డబ్బు డీలర్ ఖాతాలో పడినట్టు బ్యాంక్ స్టేట్‌మెంట్ చాలా పనికొస్తుంది.