ట్యూబులో గర్భం మళ్లీ వస్తుందా? ప్రొజెస్టరాన్ మాత్ర మానేయాలా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది గుంటూరు. ఏడాదిన్నర క్రితం ఎడమ ట్యూబులో గర్భం వస్తే ఇంజెక్షన్‌తో కరిగించారు. ఈ మధ్య హెచ్‌ఎస్‌జీ (రంగుమందు ఎక్కించి తీసే ట్యూబుల ఎక్స్‌రే) తీసి రెండు ట్యూబులూ తెరిచే ఉన్నాయన్నారు. నాకు నెలసరి 34, 35 రోజులకోసారి వస్తుంది. 16వ రోజు నుంచి పది రోజులు ప్రొజెస్టరాన్ మాత్ర రాశారు. ఆ హార్మోన్ ట్యూబు లోపలి కదలికను తగ్గిస్తుందని చదివి, భయమేసి ఆపేశాను. మంచిదేనా?

జవాబు: మీ భయంలో కొంత నిజముందమ్మా. కానీ మీ విషయంలో అసలు చూడాల్సింది మాత్రను కాదు, అది మొదలుపెట్టే రోజును.

అండాశయం నుంచి గర్భసంచికి దారి ఈ ట్యూబే. పది, పన్నెండు సెంటీమీటర్ల పొడవుంటుంది. లోపలి పొరలో ద్రవం ఊరించే కణాలు కొన్ని, నూగున్న కణాలు కొన్ని. ఈ నూగునే సీలియా అంటాం. ఒక్కో పోగు పొడవు తలవెంట్రుక మందంలో పదో వంతు. సెకనుకు ఐదారుసార్లు, అన్నీ గర్భసంచి వైపే కొడుతుంటాయి, గాలికి వరిచేను ఊగినట్టు అలలు అలలుగా. అండం చుట్టూ జిగురు పొర ఉంటుంది. ఆ జిగురు నూగుకు అంటుకోబట్టే అండం ట్యూబులోకి వస్తుంది. ఆ తర్వాత ట్యూబు కండరం కూడా తోడవుతుంది. పిండం గర్భసంచికి చేరేసరికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

నెలసరి అయ్యాక ఈస్ట్రోజన్ హార్మోన్ పెరిగేకొద్దీ ఈ కణాలు ఎత్తు పెరుగుతాయి, నూగు దట్టమవుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ పెరిగితే కణాలు కుంగుతాయి, కొన్ని నూగు రాల్చేస్తాయి. రీసస్ కోతుల్లోనైతే ట్యూబు అంచు దాదాపు బోడిగా మారి, మళ్లీ ఈస్ట్రోజన్ పెరిగినప్పుడు మొలుస్తుంది. మనుషుల్లో రాలేది కొద్ది భాగమే. ల్యాబులో ట్యూబు ముక్క మీద ఎక్కువ మోతాదు ప్రొజెస్టరాన్ వేస్తే కదలిక మందగిస్తుంది. మీరు చదివింది అదే అయ్యుంటుంది. అయితే అండం విడుదలయ్యాక మీ అండాశయమే రోజూ ఈ హార్మోన్‌ను తయారుచేస్తుంది. అప్పుడు వేసే మాత్ర దానికి తోడు మాత్రమే.

ఇక తేదీ సంగతి. అండం విడుదలైన దాదాపు 14 రోజులకు నెలసరి వస్తుంది. అంటే మీకు అండం విడుదలయ్యేది 20, 21వ రోజు ప్రాంతంలో. 16వ రోజున మాత్ర మొదలుపెడితే అండం విడుదలే ఆగిపోవచ్చు. గర్భాశయ ముఖద్వారం దగ్గర జిగురు చిక్కబడి వీర్యకణాలకు దారి ఉండదు. అందుకే 14వ రోజు నుంచి రోజు విడిచి రోజు ఫాలిక్యులర్ స్కాన్ (అండం ఎదుగుదలను, విడుదలను చూసే స్కాన్) చేయించుకుని, అండం విడుదలైందని తేలిన రెండు మూడు రోజులకు మొదలుపెట్టవచ్చేమో మీ డాక్టర్‌ను అడగండి. నెలసరి క్రమంగానే వస్తోంది కాబట్టి అసలు మాత్ర అవసరమా అని కూడా అడగండి. చాలామందికి అక్కర్లేదు.

హెచ్‌ఎస్‌జీ రిపోర్టు చూసి పూర్తిగా నిశ్చింతగా ఉండకండి. దారి తెరిచి ఉందని అది చెబుతుంది గానీ, నూగు పనిచేస్తోందో లేదో చెప్పదు. ట్యూబులో గర్భానికి ఎక్కువసార్లు మూలం పాత ఇన్ఫెక్షన్ మచ్చలే. లైంగికంగా సోకే క్లమీడియా ఇన్ఫెక్షన్ ఏ లక్షణమూ లేకుండానే ఉండిపోతుంది. మన దగ్గర టీబీనీ మరవకూడదు. మచ్చ కట్టిన చోట నూగు సరిగ్గా తిరిగి రాదు, దాన్ని మొలిపించే మందు లేదు. సిగరెట్ పొగ కూడా నూగుకు శత్రువే. ఒకసారి ట్యూబులో గర్భం వచ్చినవారిలో వందకు సుమారు పదిమందికి మళ్లీ అలాగే వస్తుంది. మిగతావారిలో చాలామందికి గర్భసంచిలోనే నిలుస్తుంది.

మాత్ర వాడే నెలలో నెలసరి ఆలస్యం కావచ్చు, కాబట్టి దానికోసం కాచుకోకండి. అండం విడుదలైన 15, 16వ రోజున మూత్ర పరీక్ష చేసుకోండి. మరకలా కనిపించిన రక్తాన్ని నెలసరి అనుకుని పరీక్ష మానొద్దు. రెండు గీతలొస్తే రక్తంలో బీటా హెచ్‌సీజీ (గర్భం వస్తే పెరిగే హార్మోన్) పరీక్ష, 48 గంటలకు అదే ల్యాబులో మరోసారి. మొదట 1000 ఉంటే రెండోసారి 1500 దగ్గరికైనా రావాలి. ఆరో వారంలో యోని ద్వారా స్కాన్ తీయించి, గర్భం ఎక్కడుందో తేల్చుకోండి.

ఈలోగా ఒకవైపు పొత్తికడుపు నొప్పి, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. ట్యూబు పగిలి కడుపులో కారిన రక్తం డయాఫ్రమ్‌కు (ఊపిరితిత్తుల కింది కండరపు పొరకు) తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుంది. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు.