మామగారిని అడగవలసినది మీరు కాదు

మియాపూర్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం సారాంశం ఇది:

"అత్తగారు పోయాక, పోస్ట్‌మాస్టరుగా పదవీ విరమణ చేసిన మా మామగారిని రెండేళ్ల కిందట రేపల్లె నుంచి మా ఫ్లాట్‌కు తీసుకొచ్చాం. మేమిద్దరం ఐటీ ఉద్యోగులం. ఆయన ఎప్పుడైనా పడిపోతే వెంటనే తెలియాలని మావారు హాల్లోనూ, ఆయన గదిలోనూ కెమెరాలు పెట్టించారు. మూడు వారాల కిందట ఊరి నుంచి ఆయన స్నేహితుడు చెప్పకుండా వచ్చారు. గేటు దగ్గర సెక్యూరిటీవారు యాప్‌లో అనుమతి అడిగితే ఆ కబురు మావారి ఫోన్‌కు వచ్చింది. మీటింగులో ఉండి చూసుకోలేదు. స్నేహితుడు మామగారికి ఫోన్ చేశారు కానీ, తెలియని నంబర్లు మోగకుండా మావారు ముందే సెట్ చేసి ఉంచారు. నలభై నిమిషాలు కూర్చుని, తెచ్చిన ఊరగాయ జాడీ గేటు దగ్గర పెట్టి ఆయన వెళ్లిపోయారు. అప్పటి నుంచి మామగారు ముభావంగా ఉంటున్నారు. తన గదిలోని కెమెరాను గోడవైపు తిప్పేస్తున్నారు. సరిచేస్తే మళ్లీ తిప్పుతున్నారు. ఇది మతిమరుపు జబ్బుకు మొదలా? కెమెరా ఎందుకు అవసరమో ఆయనను నొప్పించకుండా ఎలా చెప్పాలి?"

అమ్మా,

మీరు సరిచేసిన ప్రతిసారీ గుర్తు పెట్టుకుని కెమెరాను మళ్లీ గోడవైపు తిప్పుతున్న మనిషికి మతిమరుపు అని నేను అనుకోను. డెబ్బై దాటిన వారిని ఏడాదికోసారి వైద్యుడికి చూపించడం మంచిదే, చూపించండి. కానీ కెమెరా తిప్పారన్న కారణం చెప్పి మాత్రం తీసుకెళ్లకండి. ఇక మీ రెండో ప్రశ్నకు జవాబు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. నిద్రపోయే గదిలో, పంచె మార్చుకునే చోట కెమెరా ఉండడానికి ఒక పెద్దమనిషిని ఒప్పించే మంచి మాటలేవీ ఉండవు. ఈ రోజే దానిని తీసేయండి. ఆయన పడిపోతారన్న భయం మీకుంటే, బాత్‌రూమ్ గోడకు పట్టుకునే కడ్డీలు బిగించండి, నేల మీద జారని పట్టా వేయించండి, మంచం పక్కన నొక్కితే మోగే గంట పెట్టండి.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకొక సంగతి కనిపించింది. నాలుగు పేజీల ఉత్తరంలో మీ మామగారూ మీవారూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకున్న సందర్భం ఒక్కటీ లేదు. "నాన్నకు చెప్పు" అని ఆయన మీతో అంటారు, "వాడిని అడుగమ్మా" అని ఈయన మీతో అంటారు. స్నేహితుడు వెనక్కి వెళ్లిపోయిన సంగతి మామగారికి చెప్పినదీ మీరే, క్షమించమని అడిగినదీ మీరే. మీవారు ఆ మధ్యాహ్నం అదే ఫ్లాట్‌లో, తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని పని చేసుకుంటున్నారని రాశారు. తండ్రి పక్క గదిలో ఉన్నారు. మూడు వారాలు గడిచినా కొడుకు ఆ గదిలోకి వెళ్లి "నాన్నా, పొరపాటు నాదే" అనలేదు.

మీవారు చెడ్డవారని నేను అనను. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించే 'డిజిటల్ అరెస్ట్' మోసంలో సహోద్యోగి తండ్రి ఎవరో డబ్బు పోగొట్టుకున్నారని విని, తండ్రి ఫోన్‌లోంచి యూపీఐ తీసేశారు. ఆ భయం అర్థం లేనిది కాదు. అయితే ఆ ఒక్క భయంతో ఆయన ఎన్ని తీసేశారో చూడండి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మామగారు అందుకోసం ఇదివరకు పోస్టాఫీసుకు వెళ్లి పాతవాళ్లందరినీ పలకరించి వచ్చేవారు. 2021 నుంచి ఫోన్‌కు ముఖం చూపిస్తే సరిపోతోంది, కనుక మీవారు రెండు నిమిషాలలో ఆ పని ఇంట్లోనే ముగించేశారు. ఏటా చేసే ఆ ప్రయాణం పోయింది. సందు చివర తోపుడు బండి దగ్గర కొత్తిమీర కొనబోతే, ఐదు వందల నోటుకు చిల్లర లేదని, స్కాన్ చేయమని అన్నాడట; ఆయన ఉత్తచేతులతో తిరిగి వచ్చి మీ దగ్గర ఇరవై రూపాయలు అడిగారట. ముప్పై ఏళ్లకు పైగా ఊరి మనియార్డర్లు పంచి, ఎందరి పొదుపు పుస్తకాలో రాసి, సాయంత్రానికి పైసా తేడా లేకుండా లెక్క కట్టిన చెయ్యి అది. కోడలి ముందు ఇరవై రూపాయలకు చాచవలసి వస్తే ఆ మనిషి లోపల ఏమనుకుంటారో మీవారికి ఒక్కసారైనా తట్టిందా?

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం తిండి, బట్ట, నీడ, వైద్యం గురించి చెబుతుంది. అవన్నీ మీ ఇంట్లో లోటు లేకుండా జరుగుతున్నాయి. కొడుకు తండ్రి మంచం మీద కూర్చుని పది నిమిషాలు మాట్లాడాలని ఏ చట్టమూ రాయలేదు; అది రాయవలసిన విషయమని మన పెద్దలకు తోచి ఉండదు. నా మటుకు నాకు, తండ్రిని కాపాడడం ఎంత ధర్మమో, ఆయన చేతిలోని పనిని ఆయనను అడగకుండా లాక్కోకపోవడం అంత ధర్మం.

డబ్బు సంగతి తేలికగానే సర్దవచ్చు. పెన్షన్ పడే ఖాతాకు యూపీఐ జత చేయకుండా వదిలేయండి. వేరే బ్యాంకులో ఆయన పేర చిన్న ఖాతా తెరిచి, నెలనెలా ఆయనే తన చేతులతో కొంత మొత్తం అందులోకి మార్చుకునేట్టు చేసి, ఆ ఖాతాకే యూపీఐ పెట్టండి. ఏదైనా జరిగినా పోయేది ఆ కొంతే. డబ్బు రావడానికి పిన్ నొక్కనవసరం లేదని, వీడియో కాల్‌లో అరెస్టు చేసే అధికారం ఏ పోలీసుకూ లేదని, అనుమానం వస్తే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలని ఆయనకు చెప్పాలి. పోస్టాఫీసు నడిపిన మనిషికి ఇవి ఒక్క పూటలో అర్థమవుతాయి. గేటు యాప్‌లో ఆయన నంబరు కూడా చేర్పించండి, తన కోసం వచ్చినవారిని రమ్మనే హక్కు ఆయన చేతిలో ఉండాలి. మీ ఇంటి దగ్గరి నుంచి నాంపల్లికి మెట్రో నేరుగా ఉంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు అమ్ముతారు. మామగారికి చదివే అలవాటు ఉందని రాశారు కదా.

అయితే ఇవి నేర్పవలసినదీ, వెంట తీసుకెళ్లవలసినదీ మీరు కాదు. రెండేళ్లుగా ఆ ఇద్దరి మధ్య కబుర్లు మోస్తూ, మీవారు చేయవలసిన పనిని మీరు మంచితనంతో చేసేస్తున్నారు. మీరు మోసినంత కాలం ఆయనకు తండ్రి గది తలుపు తట్టే అవసరం రాదు. ఇకపైన "నాన్నకు చెప్పు" అన్నప్పుడు, "మీరే చెప్పండి" అనండి, కోపం లేకుండా అనండి, ప్రతిసారీ అనండి. మొదట్లో ఇంట్లో నిశ్శబ్దం ఇంకా పెరుగుతుంది. దానికి భయపడి మళ్లీ మధ్యలోకి వెళ్లకండి. ఈ ఉత్తరం కూడా మీవారికి చదివి వినిపించకుండా, ఆయన చేతికే ఇవ్వండి.

ఊరగాయ జాడీని మామగారు పైకి తేనివ్వడం లేదని, పార్శిల్ తీసుకెళ్లలేదంటూ యాప్‌లో రోజూ సందేశం వస్తోందని రాశారు. మీవారిని ముందు రేపల్లెకు ఫోన్ చేసి ఆ పెద్దాయనతో మాట్లాడమనండి, ఈసారి ఎప్పుడు వస్తారో అడిగి, స్టేషనుకు తానే వస్తానని చెప్పమనండి. ఆ తరవాత కిందికి వెళ్లి జాడీ తెచ్చి, తండ్రి చేతికి ఇమ్మనండి.