పరిశోధన డేటా ఫైల్‌ను నెట్‌లో పెట్టేస్తే ఓపెన్ డేటా అయినట్టేనా?

కాదు, ఎవరైనా వాడుకోవచ్చని చెప్పే లైసెన్స్ ఉంటేనే అది ఓపెన్ డేటా, అంకెలు ఎలా వచ్చాయో రాస్తేనే అది పనికొచ్చే డేటా. జంతువుల మేత లెక్కల్లో ఈ రెండోది మరీ ముఖ్యం. ఉదాహరణకు, ఒక కాలమ్‌లో ‘ప్రొటీన్ 12 శాతం’ అని మాత్రమే ఉందనుకోండి. అది ఎండు పదార్థంలోనా (అంటే నీరు తీసేశాక మిగిలేది), పచ్చిగడ్డిలోనా? గడ్డిలో 80 శాతం నీరుంటే, ఎండు పదార్థంలోని 12 శాతం పచ్చిగడ్డి తూకంలో 2.4 శాతమే. పైగా సాధారణంగా ప్రొటీన్‌ను నేరుగా కొలవరు, నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. వేరే గుణకం వాడి ఆ మాట రాయకపోతే పోలికే తప్పుతుంది. (ఒక్క వాక్యం చాలు, చాలామంది మర్చిపోయేది అదే!)

ఓపెన్ అంటే అన్నీ బయటపెట్టాలన్నది అపోహ. అరుదైన జంతువులు తిరిగే చోటును వేటగాళ్లకు చిక్కకుండా ఉజ్జాయింపుగా ఇవ్వొచ్చు, అలా చేసినట్టు రాస్తే సరి.