దిగిన దారి గురించి రాయి

చెల్లెమ్మా,

స్విట్జర్లాండ్‌లో మాటర్‌హార్న్ శిఖరం కిందున్న కొండ బస హోర్న్‌లి హట్ నుంచి జెర్మాట్ ఊరి దాకా నడిచిన రోజు గురించి నువ్వు పంపిన వ్యాసం ఆసాంతం చదివాను. నీకు రాయడం వచ్చు. అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నాను, నువ్వు నడిచిన రోజు ఇందులో కనపడలేదు. పొద్దున్నే మాటర్‌హార్న్ మీద పడ్డ ఎండకు మూడు పేజీలిచ్చావు. తర్వాత "సాయంత్రానికి కిందికి చేరుకున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. హట్ ఉన్నది 3,260 మీటర్ల ఎత్తులో, జెర్మాట్ దాదాపు 1,600 దగ్గర. అంత ఎత్తూ నీ మోకాళ్ళే దింపాయి కదా, వాటి ఊసే లేదేం?

శిఖరం మీద ఎండ గురించి బోలెడు మంది రాశారు. దిగుడు గురించి రాసేవాళ్ళే తక్కువ. ఎక్కేటప్పుడు ఆయాసమొస్తుంది, కాసేపు ఆగితే సర్దుకుంటుంది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపుకోవాలి. గంటల తరబడి అలా ఆపీ ఆపీ లోపల పోగులు దెబ్బతింటాయి. అసలు నొప్పి మర్నాడూ, ఆ మర్నాడూ తెలుస్తుంది. అలిపిరి మెట్లు దిగొచ్చిన పాఠకుడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, ఒక్క మాట అందిస్తే చాలు.

"చాలా టెన్షన్ పడ్డాం" అని రాశావు. టెన్షన్ పడ్డప్పుడు ఏం చేశావో రాయి. ముఖం కొండవైపు తిప్పుకుని దిగావా? కూర్చుని జరిగావా? తాడు పట్టుకున్న అరచెయ్యి ఎంత చల్లబడింది? ప్రతి అడుగుకీ బొటనవేలు బూటు ముందుభాగానికి కొట్టుకుంటుంది. కాలికింద జారిన చిన్న రాయి, నువ్వు ఆగిపోయాక కూడా కిందికి దొర్లుతూనే ఉంటుంది. ఆ చప్పుడు వినిపిస్తే చాలు, లోయ ఎంత లోతో వేరే చెప్పాల్సిన పని లేదు.

పెందలాడే ఎందుకు బయల్దేరారో కూడా చెప్పలేదు. వేసవిలో ఆల్ప్స్‌లో మధ్యాహ్నం దాటాక ఉరుములు మెరుపులు మామూలే. అలాంటప్పుడు బోడి గట్టు మీద, ఇనప మెట్ల దగ్గర చిక్కుకోకూడదు. ఈ భయం ముందే తెలిస్తే నీ ప్రతి విరామమూ పాఠకుడికి బరువుగా ఉంటుంది. అక్కడి దారి బోర్డుల మీద దూరం బదులు నడక సమయం రాస్తారు, అందులో విశ్రాంతి లెక్కుండదు. బోర్డు చెప్పిందెంత, నీకు పట్టిందెంత? ఆ రెండూ పక్కపక్కన పెట్టు.

ఇక దారి మధ్యలో వచ్చే ష్వార్ట్స్‌జే. చిన్న చెరువు, పక్కన చాపెల్ అనే చిన్న చర్చి, కాస్త ఎగువన 2,583 మీటర్ల దగ్గర కేబుల్ కార్ స్టేషన్. టికెట్ కొంటే నిమిషాల్లో ఊళ్ళో ఉంటావు. అప్పటికే కాళ్ళు వణుకుతున్నాయన్నావు. అయినా ఎక్కలేదు. ఎందుకని? వ్యాసం మొత్తంలో నాకు అన్నిటికన్నా తెలుసుకోవాలనిపించింది అదే, నువ్వేమో చెరువు నీళ్ళ రంగు చెప్పి దాటేశావు. పంతమా, పక్కవాళ్ళ ముందు పరువా, నిజంగానే నడవాలనిపించిందా? ఏదైనా సరే, ఉన్నదున్నట్టు రాయి.

అక్కణ్ణుంచి ఎత్తు తగ్గడాన్ని అంకెల్లో చెప్పకు. ముందు రాళ్ళు, తర్వాత గడ్డి, తర్వాత లార్చ్ చెట్లు. జ్ముట్ పల్లెలో ఎలకలు ఎక్కకుండా గుండ్రటి రాతి పలకల మీద నిలబెట్టిన పాత చెక్క గాదెలు. మనుషులుండే ఎత్తుకి దిగొచ్చావని ఆ గాదెలే చెప్తాయి.

1865 జూలై 14 నాటి కథతో వ్యాసం మొదలుపెట్టావు. దాన్ని తీసి చివర్లో పెట్టు. ఆ రోజు ఏడుగురు మొదటిసారి మాటర్‌హార్న్ శిఖరం చేరారు. నలుగురు చనిపోయింది దిగేటప్పుడు, తాడు తెగి. ఆ తాడు ముక్క జెర్మాట్ మ్యూజియంలో ఉంది. మొదట్లో చెప్తే అది పాఠం అప్పజెప్పినట్టుంటుంది. రోజంతా నీతోపాటు దిగొచ్చిన పాఠకుడైతే దాన్ని వేరేగా చూస్తాడు.

ముందు ష్వార్ట్స్‌జే దగ్గరి పేరా ఒక్కటే తిరగరాసి పంపు. మిగతాది దాని తర్వాత చూద్దాం.

నీ అన్నయ్య