ప్లాట్ ధర పెరగాలని కోరుకోవడం ధనాపేక్షేనా?

విశాఖ మధురవాడలో ప్లాట్ కొన్నాను, రేటు పెరగాలని రోజూ అనుకుంటున్నాను, ఇది పాపమా అని అడిగారు. స్థలం కొనడం పాపం కాదండీ. ధనాపేక్ష సమస్త కీడులకు మూలమని రాసిన అపొస్తలుడైన పౌలే (బైబిల్లో 1 తిమోతి 6:10), అదే అధ్యాయం 17, 18 వచనాల్లో ధనవంతులను ఆస్తి మీద నమ్మకం పెట్టుకోవద్దనీ, ధారాళంగా ఇవ్వమనీ అంటాడు. యేసుకు తన సమాధిని ఇచ్చిన అరిమతయియ యోసేపు కూడా ధనవంతుడే.

అయితే లూకా సువార్త 12వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. ఆస్తి పంపకం గురించి తన అన్నదమ్ముడికి చెప్పమని ఒకడు యేసును అడిగాడు. (విశాఖలో భూముల రేట్లు పెరిగాక ఇలాంటి తగువులు ఎన్ని ఇళ్లలో చూస్తున్నాం!) ఆయన వాటాలు తేల్చలేదు, లోభానికి దూరంగా ఉండమన్నాడు. వెంటనే చెప్పిన ఉపమానంలోని ధనవంతుడు ఎవరినీ మోసం చేసినట్టు లేదు. పొలం బాగా పండింది, అంతే. కానీ అతని ఆలోచనంతా నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి. అందులో దేవుడూ లేడు, పొరుగువాడూ లేడు. నన్ను బాగా కలవరపెట్టే భాగం ఇదే. బయటికి ఏ తప్పూ కనిపించకుండానే హృదయం పాడైపోవచ్చు.

రేటు తగ్గిందంటే నిద్ర పట్టనంత టెన్షన్ వస్తోందా? తోబుట్టువుల ఆసుపత్రి ఖర్చుకు చెయ్యి వెనక్కి పోతోందా? అలా ఉంటే ప్రార్థనతో పాటు ఇవ్వడం మొదలుపెట్టండి. యేసు తన ఇంటికి వచ్చినప్పుడు, ధనవంతుడైన సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) జక్కయ్య సగం ఆస్తి బీదలకిస్తానన్నాడు. మీరు ఈ నెల జీతంలోంచి కొంత తీసి మొదలుపెట్టవచ్చు.