సుడిగాలి మీద మొదటి వ్యాసం రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఆర్టికల్ చదివాను. భాష బాగుంది, వాక్యం నడక ఉంది, దాని గురించి నేను చెప్పేదేం లేదు. కానీ మొదటి పేరాలోనే "వేడిగాలి, చల్లగాలి ఢీకొంటే సుడి పుడుతుంది" అని తేల్చేసి ముందుకెళ్లిపోయావు చూడు, అక్కడే ఆగిపోయాను నేను. ఢీకొంటే ఢీకొంటాయి, గుండ్రంగా తిరగడం దేనికి? వేడిగాలి పైకి లేవడం రోజూ ఉండేదే, గద్దలు రెక్క ఆడించకుండా చక్కర్లు కొట్టేది దాని మీదే, మరి లేచిన ప్రతిచోటా సుడి రావట్లేదు కదా. ఆ తిరుగుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పకపోతే మిగతాదంతా ఎంత అందంగా రాసినా వేస్ట్.

ముందు చిన్న దుమ్ముసుడిని పట్టుకో, ఉరుముల మబ్బు కింద పుట్టే పెద్ద సుడి, అదే టోర్నడో, దాని జోలికి అప్పుడే పోకు. మబ్బు లేదు, గాలి పెద్దగా లేదు, ఎండకి నేల మాడిపోతోంది. అలాంటప్పుడు బోసినేల 60 డిగ్రీలు దాటొచ్చు, మనిషి ఎత్తులో గాలి మాత్రం 40 దగ్గరే ఉంటుంది, అంటే అసలు వేడంతా నేలని అంటుకున్న పల్చటి పొరలోనే ఉందన్నమాట. ఆ పొర ఎక్కడో ఒకచోట పైకి ఎగదన్నుతుంది, ఆ చోటు నింపడానికి చుట్టూ ఉన్న గాలి నేలబారున వచ్చేస్తుంది. వచ్చేది సూటిగా రాదు, గట్టు తగిలో పొద తగిలో పక్కగాలితో స్పీడ్ తేడా వచ్చో, కంటికి తెలియనంత మెలిక దాంట్లో ముందే ఉంటుంది. మధ్యకి దగ్గరయ్యేకొద్దీ ఆ మెలికే జోరందుకుంటుంది. పెన్ను గొట్టంలో దారం దూర్చి చివర చిన్న రాయి కట్టి తిప్పుతూ, దారాన్ని కిందికి లాగి చూడు, అదే ఇది. లెక్క కూడా వేసి చూపించు: 50 మీటర్ల దూరంలో సెకనుకి 1 మీటరు చొప్పున చుట్టూ జరుగుతున్న గాలి, రాపిడి లేదనుకుంటే, 5 మీటర్ల దగ్గరికొచ్చేసరికి సెకనుకి 10 మీటర్లు అవుతుంది, అంటే గంటకి 36 కిలోమీటర్లు. నువ్వు వాడిన "భీకర", "ప్రళయ" కంటే ఈ లెక్కే గట్టిగా తగుల్తుంది.

భూమి తిరగడం వల్ల ఇవి ఒకేవైపు తిరుగుతాయన్న వాక్యం కొట్టేయ్. కొన్ని నిమిషాల్లో పుట్టి పోయే ఇంత చిన్నదాని మీద భూభ్రమణం ప్రభావం లెక్కలోకే రాదు, ఇటూ తిరుగుతాయి అటూ తిరుగుతాయి. దాని బదులు సుడి పాదం ఎలా ఉంటుందో రాయి. బరువైన ఇసుక కొంచెం లేచి పక్కకి పడిపోతుంది, సన్నదుమ్మేమో పైదాకా పోతుంది, పెద్ద సుడైతే నడుమ దుమ్ము పల్చగా ఉంటుంది. మబ్బు నీడ పడిందా, కింద వేడి సప్లై తగ్గి కాసేపట్లో కూలబడుతుంది.

మార్స్ ముచ్చట చివర్లో డెకరేషన్ లాగా పెట్టావు, దాన్ని ఇక్కడికి తీసుకురా. 2021 సెప్టెంబర్ 27న మార్స్ మీద ఒక దుమ్ముసుడి సరిగ్గా నాసా వాళ్ల బండి పర్సివరెన్స్ రోవర్ మీంచే పోయింది, సుమారు 25 మీటర్ల వెడల్పు, వంద మీటర్లు పైబడిన ఎత్తు. రోవర్ మైక్రోఫోన్‌లో ముందు గాలి హోరు, తర్వాత కాస్త నిశ్శబ్దం, మళ్లీ హోరు. ఒక గోడ, నడిమి ఖాళీ, ఇంకో గోడ, మొత్తం సుడి అడ్డుకోత చెవికి వినబడిందన్నమాట!

ఫనెల్ క్లౌడ్ (మబ్బు అడుగున వేలాడే గరాటు) దగ్గర "మబ్బు కిందికి దిగింది" అన్నావు. మబ్బేం దిగదు. సుడి మధ్యలో ప్రెషర్ పడిపోతుంది, లోపలికొచ్చిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, దాంట్లో ఆవిరి సన్న తుంపరగా మారి గరాటులా కనబడుతుంది. మబ్బు అడుగున గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి ముందు అక్కడ కనబడుతుంది, ప్రెషర్ ఇంకా తగ్గేకొద్దీ కిందికి సాగినట్టు అనిపిస్తుంది. అందుకే గరాటు సగంలో వేలాడుతున్నా కింద దుమ్ము గిర్రున తిరుగుతుంటే అది అప్పటికే టోర్నడో కింద లెక్క, ఈ ముక్క మాత్రం తప్పకుండా రాయి, ప్రాణాలకి సంబంధించింది.

వాటర్ స్పౌట్లలో, అంటే నీటి మీద పుట్టే సుడుల్లో, చాలావరకు మెలిక ముందు నీటిమట్టం దగ్గరే ఉంటుంది, ఎదుగుతున్న మబ్బు దాన్ని పైకి సాగదీస్తుంది. అమెరికాలో ఫ్లోరిడా కీస్ దీవుల దగ్గర వీటిని స్టడీ చేసిన వాతావరణ శాస్త్రవేత్త జోసెఫ్ గోల్డెన్ ఐదు దశలు చెప్పాడు, మొదటి దశ నీటి మీద ఒక నల్లమచ్చ. సూపర్‌సెల్ (లోపల పైకెగసే గాలి గుండ్రంగా తిరిగే పెద్ద ఉరుముల మబ్బు) సంగతి వేరు, అక్కడ కిందా పైనా గాలి స్పీడ్, దిశ వేరువేరుగా ఉండి తిరుగుడు అడ్డంగా దొర్లుతూ ఉంటుంది, పైకెగసే గాలి దాన్ని నిలబెడుతుంది. దీనికి నాలుగు వాక్యాలు చాలు.

మార్చి పంపు. బొమ్మ నువ్వే గీసి పెట్టు, నెట్లో దొరికిన టోర్నడో ఫోటో దుమ్ముసుడి పేరా పక్కన పెట్టావంటే చూసినవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు.