పాళీలో బంగారం కోసం ఇంట్లో బంగారం కుదువ పెడతారా?

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"నాకు 36 ఏళ్లు. ఒక ప్రైవేటు హోటల్లో అకౌంట్స్ చూస్తాను. చేతికి 58,000 వస్తుంది. ఇంటి అద్దె, పాప ఫీజు, నాన్న మందులు అన్నీ కలిపి ఖర్చు 41,000. రెండు లక్షల చిట్టీకి నెలకు 5,000 కడుతున్నాను, ఇంకా 14 నెలలుంది. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టేది) 4,000. కెమెరాకు మాక్రో లెన్స్ కొన్నందుకు క్రెడిట్ కార్డు ఈఎంఐ 5,800, ఇంకా 8 నెలలు. బ్యాంకులో 35,000 ఉంది. ఫౌంటెన్ పెన్నులు, వాచీలు సేకరించి, ఒకదానికొకటి జత కుదిర్చి ఫొటోలు తీయడం నా హాబీ. 23 పెన్నులు, 9 వాచీలు ఉన్నాయి. వాటి విలువ 3,40,000. ఇప్పుడు ఒక జపాన్ కంపెనీ లిమిటెడ్ ఎడిషన్ పెన్ను 88,000కు, దాని నీలానికి అచ్చంగా సరిపోయే ఆటోమేటిక్ వాచీ 77,000కు దొరుకుతున్నాయి. మా ఆవిడ నాలుగు సవర్ల గొలుసు పెట్టి ఏడాదికి గోల్డ్ లోన్ తీసుకుందామని ఉంది. చిట్టీ రాగానే విడిపిస్తాను. పెన్ను పాళీ (నిబ్) 14 క్యారెట్ల బంగారం కాబట్టి అది కూడా ఆస్తే కదా? అత్యవసరం వస్తే నాలుగు వాచీలు అమ్మేస్తాను. ఏ బ్యాంకులో వడ్డీ తక్కువో చెప్పండి."

ఏ బ్యాంకులో వడ్డీ తక్కువో నేను చెప్పను. ఈ అప్పు చేయకండి.

మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబివ్వడానికి కారణం పెన్నులు కాదు, చివర్లో మీరు రాసిన ఆ ఒక్క మాట. 'అత్యవసరం వస్తే అమ్మేస్తాను.' ఈ మాట నేను వారానికొకరి నోట వింటున్నాను. ఒకరు బైక్ గురించి అంటారు, ఒకరు కెమెరాల గురించి, ఇంకొకరు చంద్రగిరి అవతల కొన్న రెండు సెంట్ల స్థలం గురించి. అందరిదీ ఒకటే లెక్క. కొన్న ధరను రాసుకుని, దాన్నే చేతిలో ఉన్న డబ్బు అనుకుంటారు.

మీ 3,40,000 కూడా అలాంటిదే. అది మీరు పెట్టిన డబ్బు, మీకు తిరిగి వచ్చే డబ్బు కాదు. ఫౌంటెన్ పెన్నులో ఒకసారి సిరా నింపితే చాలు, అది సెకండ్ హ్యాండ్. మీ రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులనే తీసుకోండి. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టి ఫొటోలు తీస్తూ పోతే ఆ నల్లటి ఒళ్లు మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతుంది. మీకు అదొక అందం. కొనేవాడికి ధర తగ్గించడానికి అదొక సాకు. ఇక మీ హెచ్‌ఎంటీ వాచీలు. బెంగళూరులో 1961లో జపాన్ కంపెనీ సిటిజన్ సహకారంతో మొదలైన ఆ వాచీల తయారీని 2016లో ఆపేశాక కొన్ని మోడళ్ల ధర పెరిగిన మాట నిజమే. కానీ ఆ పెరుగుదల చూసే మార్కెట్ నిండా డయల్ మీద మళ్లీ రంగు వేసిన వాచీలు వచ్చి పడ్డాయి. మీ హెచ్‌ఎంటీ పైలట్ మోడల్ వాచీ డయల్ ఒరిజినలే కావచ్చు. కొనేవాడు నమ్మాలి కదా. వెనక మూత తీయమంటాడు, లోపలి ఫొటో పంపమంటాడు, నాలుగు రోజులు ఆలోచించి సగం ధర అడుగుతాడు. మీకు తొందర లేకపోతే 'వద్దు' అనొచ్చు. ఆస్పత్రి క్యాష్ కౌంటర్ ముందు నిలబడి ఉంటే అనలేరు.

ఆ కౌంటర్ ముందు నేను నిలబడ్డాను. 2018లో మా నాన్నకు రాత్రి పదకొండున్నరకు గుండెనొప్పి వచ్చింది. హెల్త్ పాలసీ ఉంది, కార్డు చేతిలోనే ఉంది. బిల్లు బీమా కంపెనీయే కట్టే క్యాష్‌లెస్ అనుమతి పొద్దున వస్తుంది, ముందు 60,000 కట్టండి అన్నారు. ఆ అర్ధరాత్రి నాకు అక్కరకొచ్చింది నా షేర్లు కాదు, ఊళ్లో ఉన్న స్థలం కాదు. దేనికీ ముట్టుకోకుండా విడిగా ఉంచిన సేవింగ్స్ ఖాతా ఒక్కటే. అప్పటి నుంచి ఎవరు ఏ ప్రశ్న అడిగినా నేను మొదట అడిగేది ఒకటే: ఆరు నెలల ఖర్చు పక్కన ఉందా?

మీకు లేదు. 41,000 ఖర్చయ్యే ఇంట్లో 35,000 ఉంది. అంటే నెల కూడా గడవదు.

పైగా మీది హోటల్ ఉద్యోగం, అదీ తిరుపతిలో. మన ఊరి సంపాదన కొండ మీద దర్శనంతో ముడిపడి ఉంది. 2020 మార్చి 20 నుంచి భక్తులకు దర్శనాలు ఆపేశారు. మళ్లీ మామూలు భక్తులను అనుమతించింది జూన్ 11న, అదీ రోజుకు కొన్ని వేల మందినే. ఆ నెలల్లో రైల్వే స్టేషన్ ఎదురు వీధుల్లో లాడ్జీలు ఎలా ఉన్నాయో, ఎవరికి సగం జీతాలిచ్చారో, ఎవరిని ఇంటికి పంపారో హోటల్ లెక్కలు చూసే మీకు నేను చెప్పక్కర్లేదు. మరుసటి ఏడాది నవంబరు వానలకు ఘాట్ రోడ్లు మూతపడ్డాయి, ఊళ్లో సెల్లార్లు మునిగాయి. రెండేళ్లు తిరక్కుండానే రెండు దెబ్బలు. ప్రభుత్వ ఉద్యోగికి ఆరు నెలల నిధి చాలంటే, యాత్రికుల మీద బతికే ఊళ్లో హోటల్ ఉద్యోగికి ఇంకాస్త ఎక్కువే ఉండాలి. సరే, మీ విషయంలో ముందు ఆరు నెలలతోనే మొదలుపెడదాం.

ఇప్పుడు ఆ గొలుసు సంగతి. చెప్పకుండా ఉండలేను, ఈ లెక్క చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. 14 క్యారెట్లు అంటే 58.5 శాతం బంగారం. మామూలు సైజు పాళీ మొత్తం బరువే గ్రాము లోపు ఉంటుంది. అందులో బంగారం ఇంకెంత? ఆ కాస్త పసిడి కోసం 32 గ్రాముల గొలుసు తీసుకెళ్లి బ్యాంకు లాకర్లో పెడతానంటున్నారు. పాళీ బంగారం మీ చేతిరాత కోసం, ఆస్తి కోసం కాదు. ఆ గొలుసు మాత్రం నిజంగానే ఆస్తి. దాన్ని కుదువ పెట్టాల్సిన రోజు ఎప్పుడైనా వస్తే, అది మీ నాన్నగారి ఆపరేషన్‌కో పాప చదువుకో కావాలి. ఇప్పుడే వాడేస్తే ఆ రోజున ఏం పెడతారు? ఇంకో మాట, మీ ఉత్తరంలో మీ ఆవిడ ఏమన్నారన్నది ఎక్కడా లేదు.

లెక్క ప్రకారం చూసినా ఇది కుదరదు. ఖర్చు, చిట్టీ, సిప్, ఈఎంఐ పోను మీకు నెలకు మిగిలేది 2,200. వడ్డీ పది శాతమే అనుకున్నా 1,65,000కు ఏడాది చివర 1,81,500 ఒకేసారి కట్టాలి. 2,200 చొప్పున ఏడాదంతా దాస్తే 26,400. మిగతాది చిట్టీ నుంచి అంటున్నారు. లోన్ గడువు 12 నెలలు, చిట్టీ అయిపోయేది 14 నెలలకు. అకౌంట్స్ చూసే మీరు ఈ రెండు నెలల తేడా ఎలా వదిలేశారు? అప్పుడు ఏం చేస్తారంటే, టెన్షన్‌తో చిట్టీని ముందే పాడుకుంటారు. పాటలో పోయే డబ్బు వడ్డీ కంటే ఎక్కువ కావచ్చు. లేదంటే వడ్డీ కట్టి లోన్ తిరగరాస్తారు. ఒకసారి తిరగరాసిన నగ మూడేళ్లయినా ఇంటికి రాని ఇళ్లు నాకు చాలా తెలుసు. కొన్నిటికి వేలం నోటీసే వచ్చింది. కార్డు మీద ఈఎంఐగా మార్చుకోవడం, యాప్‌లో పర్సనల్ లోన్ తీసుకోవడం లాంటివి అసలు అడగొద్దు. ఇంతకంటే చెడ్డ దారులు అవి.

మరేం చేయాలి? 14 నెలలు కొత్తగా ఏదీ కొనకండి. సిప్‌ను అన్ని నెలలూ ఆపి ఆ 4,000 ఈ నిధికి మళ్లించండి. సిప్ ఆపమంటే డబ్బు సలహాలిచ్చే మా వృత్తిలో చాలామంది ఒప్పుకోరు, కానీ అడుగున నిధి లేని సిప్‌ను మొదటి కష్టానికే నష్టానికి అమ్ముకోవడం చూశాను. అప్పుడు నెలకు 6,200 మిగులుతుంది. అందులో 3,000 టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా), సొంత హెల్త్ పాలసీ ప్రీమియాల కోసం పక్కన పెట్టండి. మిగిలిన 3,200 చొప్పున 8 నెలలకు 25,600. తర్వాత కార్డు ఈఎంఐ తీరిపోతుంది. అక్కడి నుంచి నెలకు 9,000, ఆరు నెలలకు 54,000. ఇప్పుడున్న 35,000తో కలిపి 1,14,600. చిట్టీని చివరిదాకా ఆగి తీసుకుంటే, 5 శాతం కమీషన్ పోను 1,90,000. మొత్తం 3,04,600. ప్రీమియాలతో కలిపి మీ ఇంటికి నెలకు 44,000 అనుకుంటే ఆరు నెలలకు 2,64,000 కావాలి. ఇంకా 40,600 మిగులుతుంది. ఆ డబ్బుతో పెన్ను కొంటారో వాచీ కొంటారో నేను అడగను. ఎవరినీ అడగాల్సిన పని మీకూ ఉండదు.

నిధిని ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఎక్కువ ఆలోచించకండి. కొంత సేవింగ్స్‌లో, మిగతాది ఆ ఖాతాకే జోడించే స్వీప్ డిపాజిట్‌లోనో, త్వరగా వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లోనో ఉంచండి. మీ కలెక్షన్‌కు ఇంటి పాలసీలో దొంగతనం కవర్ కావాలంటే ఖరీదైన వస్తువులను విడివిడిగా రాయించాలి. బిల్లులు, మీరు తీసిన ఫొటోలు అక్కడ పనికొస్తాయి.

మీరు పంపిన ఫొటోల గురించి కూడా చెప్పాలి. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ మీద రాజమండ్రి రత్నం పెన్ను, పక్కన హెచ్‌ఎంటీ పైలట్. గాంధీజీ స్వదేశీ మాటతో మొదలైన పెన్ను, మన దేశంలోనే తయారైన వాచీ, వాటి కింద చేత్తో కలం పట్టి గీసిన బొమ్మ. పది గంటలు దాటిన చోట నిలిపిన ముళ్ల మధ్య వెలుగు సరిగ్గా పడింది, అద్దం మీద ఒక్క మెరుపు లేదు. నేను ఆ ఫొటోను చాలాసేపు చూశాను. ఆ రెండింటి మీద మీరు పెట్టింది కలిపి కొన్ని వేలేనని మీరే రాశారు. మరి 1,65,000 జత లేకపోతే ఏం ఆగిపోతుంది? 23 పెన్నులను 9 వాచీలతో జత చేస్తే 207 జతలు. వాటిలో ఎన్ని తీశారు? ఈ 14 నెలలూ వారానికి మూడు చొప్పున తీసినా ఇంకా మిగిలే ఉంటాయి. కొన్న లెన్స్‌కు ఇంకా ఈఎంఐ కడుతున్నారు, ముందు దాని పని దాన్ని చేయనివ్వండి.

ఆ నీలం పెన్ను అమ్ముడుపోతుందన్న భయం ఉంటుంది, తెలుసు. పోనివ్వండి. ఇలాంటి లిమిటెడ్ ఎడిషన్లు ఏటా వస్తూనే ఉంటాయి. సంపాదిస్తున్న మీ మీద ముగ్గురు ఆధారపడి ఉన్నారు, మీ పేరు మీద టర్మ్ పాలసీ ఉన్నట్టు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. లేకపోతే పెన్ను కంటే ముందు అది కొనాలి. వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. హెల్త్ కవర్ గురించి కూడా మీరేమీ రాయలేదు, బహుశా హోటల్ ఇచ్చిన గ్రూప్ పాలసీ మీదే ఆధారపడి ఉంటారు. ఉద్యోగం పోయిన రోజే అది కూడా పోతుంది. అందులో మీ నాన్నగారి పేరు ఉందో లేదో, తల్లిదండ్రులకు ఎంతవరకు ఇస్తారో సోమవారం ఆఫీసుకు వెళ్లగానే అడిగి, ఆ కాగితం కాపీ తీసుకుని నాకు మళ్లీ రాయండి.